గింజ కొలతలో శూన్యం విలువ

వరి పరిశోధన వ్యాసాలలో ‘గింజల పొడవు, వెడల్పులను వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచాము’ అన్న వాక్యం సర్వసాధారణం. ఆ పరికరపు కనీసపు కొలత ఎంత, దానిలో శూన్యాంశ దోషం ఉన్నదా, ఉంటే సవరించారా అన్న వివరాలు మాత్రం అరుదు. ఇవి లేని గింజ కొలతలను ప్రచురణకు స్వీకరించరాదని నా అభిప్రాయం.

మన దేశంలో వాడుకలో ఉన్న వర్గీకరణ ప్రకారం, 6 మి.మీ. కంటే తక్కువ పొడవున్న బియ్యపు గింజలో పొడవు, వెడల్పుల నిష్పత్తి 2.5 నుంచి 3 వరకు ఉంటే అది మధ్యస్థ సన్నం, 2.5 కంటే తగ్గితే పొట్టి లావు. బాపట్ల సాంబ మసూరి (బి.పి.టి. 5204) మధ్యస్థ సన్న రకమే.

ఒక గింజ నిజమైన పొడవు 5.10 మి.మీ., వెడల్పు 2.02 మి.మీ. అనుకుందాం. నిష్పత్తి 2.52, కనుక అది మధ్యస్థ సన్నం. కాలిపర్స్‌లో 0.06 మి.మీ. ధన శూన్యాంశ దోషం ఉండి, దానిని తీసివేయకపోతే రీడింగులు 5.16, 2.08 అవుతాయి. నిష్పత్తి 2.48కి దిగి, అదే గింజ పొట్టి లావుగా నమోదవుతుంది. 0.02 మి.మీ. కనీసపు కొలత గల పరికరంలో ఈ తేడా మూడు గీతలు మాత్రమే.

ఎక్కువ గింజల సగటు తీసుకుంటే దోషం పోతుందన్న వాదన ఉన్నది. యాదృచ్ఛిక దోషాల విషయంలో అది నిజం. శూన్యాంశ దోషం ప్రతి గింజకూ ఒకే దిశలో చేరుతుంది; పది గింజలు కొలిచినా వెయ్యి కొలిచినా సగటులో అంతే మిగులుతుంది. డిజిటల్ పరికరమూ మినహాయింపు కాదు. దవడల మధ్య తవుడు ధూళి ఉండగా శూన్యం మీట నొక్కితే, ఆ ధూళి మందం మేరకు ప్రతి రీడింగూ తగ్గుతుంది. చిత్ర విశ్లేషణ పద్ధతిలో సైతం పిక్సెళ్లను మిల్లీమీటర్లుగా మార్చడానికి తెలిసిన పొడవు గల వస్తువు కావాలి. ఆ పొడవు తప్పయితే ఫలితాలన్నీ తప్పే.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన సమస్య కాదు. తెలంగాణలో 2024 వానాకాలం నుంచి సన్న ధాన్యానికి క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించారు. కొనుగోలు కేంద్రాలలో గింజను కొలిచి సన్నాలను నిర్ధారిస్తున్నారు. అక్కడ పొరపాటు జరిగితే నష్టం రైతుదే.

అందువల్ల ప్రతి వ్యాసంలోనూ కనీసపు కొలత, శూన్యాంశ సవరణ, కొలిచిన గింజల సంఖ్య, వాటి తేమ శాతం పేర్కొనడం తప్పనిసరి కావాలి. దవడలు తుడవడం, శూన్యం చూడటం, గింజ నలగకుండా పట్టడం, అత్యధిక వెడల్పు గల చోటే కొలవడం విద్యార్థికి తొలి ప్రయోగ తరగతిలోనే అలవాటు చేయాలి. విస్తరణ శాస్త్రవేత్తలు కొనుగోలు కేంద్రాల సిబ్బందికి ఇదే శిక్షణ ఇవ్వాలి. ఇందుకు కొత్త పరికరాలు అక్కరలేదు. ఉన్నవాటిని సరిగా చదివితే చాలు.