కౌలు కార్డుకు ఆసామి సంతకం ఎందుకు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కౌలు తగాదా కోర్టుకెక్కడం అరుదు. కాగితమే లేనప్పుడు కోర్టులో ఏం చూపిస్తారు? వేసవిలో నోటిమాటగా అనుకుంటారు, ఎకరాకు ఇన్ని బస్తాలని, లేదంటే ఇంత సొమ్మని. ఆ మాట ఏడాదికే. అలా ఏడాదికేడాది మాట మీదే పదిహేనేళ్ళు, ఇరవై ఏళ్ళు ఒకే మడి చేసుకుంటున్న కుటుంబాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. ఏ గట్టు తెగుతుందో, ఏ మూల నీరు నిలుస్తుందో వాళ్ళకే తెలుసు. రికార్డులో మాత్రం వాళ్ళ పేరుండదు.

నాగావళి ఆయకట్టులో అలాంటి రైతు ఒకాయన నాకు తెలుసు. రెండున్నర ఎకరాల పల్లం. ఆసామి ఉద్యోగరీత్యా విశాఖ వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. ఆసామి తండ్రి బతికున్న రోజుల నుంచీ సాగు ఈ కుటుంబానిదే. ఖరీఫ్‌లో వరి, కోతలయ్యాక ఆ తడి మీదే పెసలో మినుములో చల్లుతారు. పంట పండినా పోయినా శిస్తు ఒకటే. ఒక ఏడు కోసిన పనలు తుపాను నీటిలో మునిగి చేలోనే మొలకెత్తాయి. నష్టపరిహారం రికార్డులో పేరున్న ఆసామి ఖాతాలో పడింది. ఈయన విశాఖ వెళ్ళి అడిగితే "శిస్తులో చూసుకుందాంలే" అన్నారు. ఆ లెక్క ఇప్పటికీ తేలలేదు. తర్వాతి జూన్‌లో సాగుదారు కార్డు ఫారం పట్టుకుని మళ్ళీ వెళ్ళారు. ఆసామి దాన్ని పూర్తిగా చదివి, మడిచి, తిరిగి చేతిలో పెట్టారట. "కాగితాలు కావాలంటే చెప్పు, చేను ఇంకొకళ్ళకి ఇచ్చుకుంటాను." ఆ సంగతి నాకు చెప్పి, "ఏటి సేస్తాం బాబూ, గట్టిగా అడిగితే సేనే పోద్ది" అన్నారాయన.

ఆయన అడిగింది చిన్న కార్డు. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం అది పదకొండు నెలలే చెల్లుతుంది. భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. పంట రుణం, బీమా, నష్టపరిహారం, ధాన్యం అమ్మిన సొమ్ము సాగు చేసినవాడికి అందడానికే అది. కానీ ఆ కార్డు రావాలంటే ఒప్పంద పత్రం మీద భూయజమాని సంతకం పెట్టాలి. పెట్టకపోతే కౌలు రైతు ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఆ సంతకం పెట్టించే దారి చట్టం చూపలేదు. కార్డు లేకపోతే బ్యాంకు గుమ్మం ఎక్కలేడు. ఎరువులకీ కోత కూలికీ ఊళ్ళోనే నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవాలి.

అంతకు ముందు 2011లో వచ్చిన చట్టం ఈ విషయంలో మెరుగు. కౌలు రైతు దరఖాస్తు పెట్టుకుంటే రెవెన్యూ అధికారి ఊళ్ళో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. యజమాని సంతకం అక్కర్లేదు. అమలులో లోపాలున్నాయి, నిజమే. బ్యాంకులు చాలాచోట్ల ఆ కార్డులు చూసి మొహం తిప్పుకున్నాయి. అయినా ఎవరు దున్నుతున్నారో తేల్చే పని ప్రభుత్వం చేతిలో ఉండేది. 2019లో ఆ పని యజమాని ఇష్టానికి వదిలేశారు.

ఇంకా వెనక్కి వెళితే విషయం మరీ బాధగా ఉంటుంది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ లాండ్ చట్టం తెల్లవాళ్ళు జమీందార్ల కాలంలో చేసింది. ఆ చట్టంలో కూడా జమీందారు పట్టా ఇవ్వనంటే రైతు కలెక్టరు దగ్గర దావా వేసుకోవచ్చు. కట్టిన శిస్తుకు రశీదు అడిగే హక్కుండేది. ఆ హక్కులు కాగితం మీదే ఉండిపోవడం వల్లే మన జిల్లాలు రగిలాయి. 1937-38లో రైతు రక్షణ యాత్ర ఇచ్ఛాపురం నుంచి బయల్దేరి మద్రాసు దాకా నడిచింది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. జమీందారు అడవిలో కట్టెలు కొట్టారని రైతుల్ని పట్టుకుపోవడానికి పోలీసులొస్తే ఊరు అడ్డం నిలబడింది. ముందు నిలిచిన సాసుమాన గున్నమ్మ అప్పుడు గర్భిణి. ఆమెతో పాటు మరికొందరు ఆ కాల్పుల్లో చనిపోయారు. వీర గున్నమ్మగా ఆమె పేరు ఇవాళ్టికీ మందస, పలాస ప్రాంతం మరిచిపోలేదు.

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. ఎస్టేటు కింద రైతులకు పట్టాలొచ్చాయి. ఆ రైతుల కింద కౌలుకు చేసిన వాళ్ళకు మాత్రం ఏమీ రాలేదు. ఆనాడు పోరాడి పట్టా తెచ్చుకున్న తాతల మనవలు చాలామంది ఇప్పుడు విశాఖలో, హైదరాబాదులో, అమెరికాలో ఉన్న ఆసాములు. ఈ మాట వాళ్ళను నొప్పించడానికి అనడం లేదు. వాళ్ళ తాతలు జమీందారును అడిగింది, ఇవాళ వాళ్ళ కౌలు రైతు వాళ్ళను అడుగుతున్నది ఒకటే. నేను చేస్తున్నానని ఒక కాగితం, కట్టానని ఒక రశీదు.

ఆసాముల భయం నాకు తెలుసు. వాళ్ళలో చాలామంది పెద్ద భూస్వాములు కాదు. రిటైరైన మాస్టారికి రెండెకరాలే ఆధారం కావచ్చు. 1956 కౌలు చట్టం, దానికి 1974లో వచ్చిన సవరణ కౌలుకు ఆరేళ్ళ కనీస గడువు పెట్టాయి, అమ్మేటప్పుడు ముందు కౌలుదారునే అడగాలన్నాయి. అవి ఊళ్ళలో అమలైంది తక్కువే గానీ, పేరు రాయిస్తే చేను పోతుందన్న బెదురు మాత్రం గట్టిగా పాతుకుపోయింది. దానికి తోడు ఇంకో కారణం ఉంది, దీన్ని ఎవరూ పైకి అనరు. అదే సర్వే నంబరు మీద ఆసామి అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటారు. కౌలు రైతు పేరు ఎక్కితే ఆ తక్కువ వడ్డీ రుణం పోతుంది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ ఆరు వేలు ఎలాగూ భూమి ఉన్న కుటుంబానికే. సాగు చేయకుండా సాగుదారుకు దక్కాల్సినవి అనుభవిస్తున్నప్పుడు, ఆ సంతకం పెట్టమని ఆసామినే బతిమాలుకోమనడం అన్యాయం.

అందుకే ఆ సంతకం నిబంధన తీసెయ్యాలి. చేలో ఎవరున్నారో తెలుసుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. ఈ-పంట నమోదుకు రైతు సేవా కేంద్రం సిబ్బంది ఎలాగూ చేలోకి వచ్చి ఫొటో తీస్తున్నారు. గట్టు పక్క రైతులిద్దరిని అడిగితే చాలు. గ్రామ సచివాలయంలో పేర్ల జాబితా అంటించి, అభ్యంతరముంటే చెప్పుకోవడానికి ఆసామికి గడువివ్వాలి. కార్డు మీద భూమి హక్కు ఉండదని పెద్ద అక్షరాలతో రాయాలి. అభ్యంతరం వస్తే తహసీల్దారు విని తేల్చాలి. కార్డు నిరాకరిస్తే కౌలు రైతుకు అప్పీలు ఉండాలి. కార్డు అడిగినందుకు ఆ పంటకాలం పూర్తయ్యేదాకా చేను లాక్కోకుండా రక్షణ ఉండాలి. ఇది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఎవడూ నోరు విప్పడు.

వ్యవసాయ మంత్రి అచ్చెన్నాయుడు గారు టెక్కలి శాసనసభ్యులు. మందస ఆయన నియోజకవర్గానికి దూరమేమీ కాదు. ఖరీఫ్ నారుమళ్ళు పోసేలోగా ఈ సవరణ తేవాలని ఆయన్ను అడుగుతున్నాను. అది వచ్చేదాకా, తుపాను డబ్బు ఎవరి పంట పోతే వాళ్ళ ఖాతాలోనే వెయ్యమని కలెక్టర్లకు ఉత్తర్వు ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు.