కంప్యూటర్ మనది, తాళం ఎవరిది?

2025 అక్టోబర్ 14 దాటేసరికి మన వూళ్లలో చాలా కంప్యూటర్లు ఒక్కసారిగా 'పాతవి' అయిపోయాయి. వాటికి జబ్బేమీ చెయ్యలేదు. తెర వెలుగుతూనే వుంది, మీట నొక్కితే అక్షరం పడుతూనే వుంది. అయినా ఆ రోజుతో మైక్రోసాఫ్ట్ కంపెనీ విండోస్ 10కి సాధారణ సపోర్టు ఆపేసింది. అంటే కంప్యూటర్ ఆగిపోతుందని కాదు. కొత్తగా బయటపడే కన్నాలను కంపెనీ పూడ్చదు, దొంగలు దూరే సందులు అట్లాగే వుండిపోతాయి. విడిగా పేరు నమోదు చేసుకున్నవాళ్లకు 2026 అక్టోబర్ దాకా భద్రతా అప్‌డేట్లు ఇస్తామన్నారు. అది వాయిదా మాత్రమే.

మరి విండోస్ 11 వేసుకుంటే పోలేదా అంటారు. దానికి షరతులున్నాయి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ చోటు వుంటే సరిపోదు. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు వుండాలి. కంపెనీ ఒప్పుకున్న ప్రాసెసర్ల జాబితాలో మనది వుండాలి. ఇంటెల్ ప్రాసెసర్లయితే దాదాపుగా 8వ తరం నుంచే ఆ జాబితా మొదలవుతుంది. అంతకు ముందువి బాగా పనిచేస్తున్నా సరే, లెక్కలో లేనట్టే.

మన ఇళ్లలో వున్నవి ఏవి? పట్నంలో ఆఫీసులు వాడి వదిలేస్తే సెకండ్ హ్యాండ్ షాపుల్లో కొన్నవి. పిల్ల డిగ్రీ చదువుకో, పిల్లాడి గ్రూప్స్ పరీక్షకో అప్పు చేసి తెచ్చినవి. సంఘం ఆఫీసులో కరపత్రాలు కొట్టేవి. వీటిని పారేసి కొత్తవి కొనండి అనడం తేలిక. కొనేదెవరు?

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. డబ్బు మనది, యంత్రం మనది. అది ఎన్నాళ్లు బతకాలో చెప్పే అధికారం ఇంకొకరిది ఎట్లా అయింది?

ట్రాక్టరుకు డ్రైవరు ఎట్లాగో కంప్యూటర్‌కు ఆపరేటింగ్ సిస్టమ్ అట్లాగ. అది లేకపోతే మిగిలేది ఇనుప డబ్బా. విండోస్ అటువంటి సిస్టమే. దాన్ని డబ్బిచ్చి కొన్నా మనకు దక్కేది వాడుకునే అనుమతి మాత్రమే. లోపల ఏం రాశారో చూడకూడదు, మార్చకూడదు, పక్కింటివాళ్లకు కాపీ ఇవ్వకూడదు. కౌలు చేను లాంటిదన్నమాట. దున్నుకో, పండించుకో, గట్టు మాత్రం కదపొద్దు. మనలో చాలామందికి ఆ కౌలు కాగితం కూడా లేదు. షాపువాడు కాస్త డబ్బు తీసుకుని దొంగ కాపీ 'వేసి ఇచ్చాడు'. అందులో ఏ వైరస్ వుందో దేవుడికే తెలియాలి. దానికంటే మాకు బాధగా వుండేది ఇంకొకటి. చెమటోడ్చి కొన్న యంత్రం ముందు మనమే దొంగల్లా కూర్చోవాల్సి రావడం.

దీనికి వేరే దారి వుంది. చాలా ఏళ్లుగా వుంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో ఒక ప్రింటర్‌లో మాటిమాటికీ కాగితం ఇరుక్కునేది. అక్కడ పనిచేసే రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రాం ఇస్తే బాగు చేసుకుంటాం అన్నాడు. ఇవ్వం అన్నారు. బాగు చేయగలిగిన చేతులున్నాయి, చెయ్యనివ్వలేదు. ఆయన 1983లో 'గ్నూ' పేరుతో అందరికీ తెరిచి వుండే సిస్టమ్ తయారుచేస్తామని ప్రకటించాడు. 1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకిలో లైనస్ తోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి 'లినక్స్' అనే కెర్నెల్, అంటే సిస్టమ్‌కు గుండెకాయ, రాశాడు. ఆ రెండూ కలిశాయి. దేశదేశాల వాళ్లు చెయ్యి వేశారు. దాని షరతులు కూడా తలకిందులే. ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఏముందో చదువుకోవచ్చు. కాపీలు పంచవచ్చు. మార్చుకుని, మార్చినదాన్ని కూడా పంచవచ్చు.

ఈ మాట చెప్పగానే మన పెద్దలు అడిగే మొదటి ప్రశ్న మాకు తెలుసు. "ఊరికే ఇస్తున్నారంటే ఏదో మెలిక వుంటదిరా." అనుమానించడం మంచిదే. ఎన్నికల ముందు ఊరికే వచ్చినవాటి వెల ఎంతో మనకు తెలుసు. కానీ ఇది ఎవరో దయతలచి పెట్టిన దానం కాదు. ఇంగ్లీషువాళ్లకు ఉచితానికీ స్వేచ్ఛకూ ఒకటే మాట కాబట్టి అక్కడ తికమక పడ్డారు. తెలుగులో రెండు మాటలున్నాయి. ఇక్కడ ముఖ్యమైనది రెండోది.

ఇంకో మాట కూడా అంటారు, "పేదోళ్లకి పనికిమాలిన సరుకు" అని. ప్రపంచంలో అత్యంత వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితా ఒకటుంది. 2017 నవంబర్ జాబితా నుంచి ఆ 500 కూడా లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోను లోపలి కెర్నెల్ కూడా లినక్సే. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు కంప్యూటర్ పాఠాలు నేర్చుకునేది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద. అక్కడి 'కైట్' అనే ప్రభుత్వ సంస్థ ఉబుంటు లినక్స్‌ను తమ బడులకు తగ్గట్టు మార్చుకుని వాడుతోంది. కేరళ పిల్లలకు పనికొచ్చింది మన పిల్లలకు పనికిరాదా?

మాటలతో ఊరుకోకుండా మేం చేసి చూశాం. పత్రిక పని జరిగే ఇంట్లో 4 జీబీ ర్యామ్ వున్న పాత డెస్క్‌టాప్ ఒకటుంది. దానికి లినక్స్ మింట్ రకాల్లో తేలికైన 'ఎక్స్‌ఎఫ్‌సీఈ' కూర్పు తీసుకున్నాం. మింట్‌కు 2 జీబీ ర్యామ్, 20 జీబీ చోటు కనీసం వుండాలి. 4 జీబీ వుంటే సుఖం. మింట్ సొంత వెబ్‌సైటు నుంచే ఫైలు దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదకు 'రూఫస్' అనే ప్రోగ్రాంతో ఎక్కించాం. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవి చెరిగిపోతాయి, గుర్తుంచుకోండి. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలని అడుగుతుంది. కొన్ని యంత్రాల్లో అది ఎఫ్2 గానీ డిలీట్ గానీ అవుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే చాలు, హార్డ్‌డిస్క్‌ను ముట్టుకోకుండానే సిస్టమ్ మొత్తం తెర మీదకు వస్తుంది. వైఫై దొరుకుతుందా, పాట వినబడుతుందా, ప్రింటర్ పలుకుతుందా చూసుకోవచ్చు. నచ్చకపోతే ఆపేసి పెన్‌డ్రైవ్ పీకేస్తే పాత కంప్యూటర్ పాతట్లాగే వుంటుంది. పెన్‌డ్రైవ్ మీద కాస్త నెమ్మదిగా నడుస్తుంది, దాన్ని చూసి నిరాశపడొద్దు.

మూడు రోజులు అట్లా చూసి, తర్వాతే హార్డ్‌డిస్క్‌లో వేశాం. వేసే ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, సంఘం లెక్కలు అన్నీ వేరే డ్రైవ్‌లోకి కాపీ చేశాం. ఇది ఎవరూ మానకూడదు. 'డిస్క్ మొత్తం చెరిపి వెయ్యాలా' అని అది అడిగే చోట సరే అన్నారంటే పాతదంతా పోయినట్టే. రెండు సిస్టమ్‌లనూ పక్కపక్కన వుంచుకునే దారి కూడా వుంది.

ఇంటర్నెట్‌కు ఫైర్‌ఫాక్స్, వుత్తరాలకూ లెక్కలకూ లిబ్రేఆఫీస్ అందులోనే వచ్చాయి. తెలుగు కీబోర్డు సెట్టింగుల్లో చేర్చుకుంటే యూనికోడ్‌లో అక్షరం చక్కగా పడింది. ప్రింటర్ కలపగానే పలికింది. స్కానర్ మొండికేసింది. పేజ్‌మేకర్, అను ఫాంట్ల పని మాత్రం ఇందులో నేరుగా కుదరదు. అందుకని పాత సంచికల ఫైళ్ల కోసం ఇంకో కంప్యూటర్‌ను ఇంటర్నెట్ తీసేసి పాత సిస్టమ్‌తోనే వుంచాం. వేలిముద్ర యంత్రాలతో సర్వీసు సెంటర్ నడుపుకునే తమ్ముళ్లు తొందరపడొద్దు. ఆ యంత్రాల డ్రైవర్లు ఎక్కువగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ తయారైనవే. అన్నం పెట్టే పనిని ప్రయోగానికి పెట్టకూడదు.

ఇంతకీ, తలుపు తెరిచే వుంటే మన వాళ్లు ఇన్నాళ్లూ లోపలికి ఎందుకు పోలేదు? తెరిచి వుందని రాసినంత మాత్రాన అందరికీ అందదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? అంటరానివారికి చెరువులు, బావులు తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో చౌదార్ చెరువు తెరిచామంది. ఆ తీర్మానం నీళ్లుగా మారలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచివెళ్లి దోసిలి పట్టాల్సి వచ్చింది. ఆ పోరాటాన్నీ కంప్యూటర్ పనినీ మేం ఒక గాటన కట్టడం లేదు. ఒక్క పాఠం తీసుకుంటున్నాం. ఉమ్మడి అని రాసివున్నదాన్ని కూడా చెయ్యి పెట్టి తీసుకోవాల్సిందే.

ఇక్కడ అడ్డం నిలబడేది ఇంగ్లీషు. నేర్పే పుస్తకాలు, వీడియోలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వున్నాయి. తెలుగు చేసినవాళ్లు జీతం లేకుండా చేశారు, వాళ్లకు దండం. కానీ ఆ తెలుగులో ఫైలును 'దస్త్రం' అన్నారు. మన ఇళ్లలో ఫైలును దస్త్రం అనేదెవరు? విండోస్‌లో అయితే కంపెనీ పెట్టిన మాటనే భరించాలి. ఇక్కడ నచ్చని మాటను మార్చమని రాయవచ్చు, మనమే మార్చి పంపవచ్చు. మనం ఆ పనిలోకి పోకపోతే ఎవరి తెలుగు తెర మీద వుంటుందో చెప్పనక్కర్లేదు.

కాబట్టి కార్యకర్తలకు మా మాట ఇది. కంప్యూటర్ వున్న ప్రతి సంఘం ఆఫీసులో ఒక పెన్‌డ్రైవ్ తయారుచేసి పెట్టండి. పదిమందికి ఉపన్యాసం చెప్పడం కంటే ఇద్దరికి చేతిలో పెట్టి నేర్పండి, అందులో ఒకరు ఆడపిల్ల కావాలి. ఆ ఇద్దరూ పక్క వూళ్లో మరో ఇద్దరికి నేర్పాలి. "పాతదైపోయింది, పారెయ్" అని షాపువాడు అంటే, పారేసే ముందు ఒక్క రోజు దీన్ని వేసి చూడండి. ఏ యంత్రం మీద పనిచేసింది, ఎక్కడ ఆగింది, ఏ తెలుగు మాట అర్థం కాలేదు, మాకు రాయండి. వచ్చే సంచికల్లో అచ్చువేస్తాం. ఒక వూరు పడ్డ తిప్పలు ఇంకో వూరు మళ్లీ పడనక్కర్లేదు.