విప్పి చూడకముందే తీర్పు చెప్పవద్దు



ఈ వారం ఒక బోటు ఇంజన్ గురించి రాస్తున్నాం. పాస్టరుకు ఇంజన్ల గొడవ ఎందుకని కొందరు నవ్వుకోవచ్చు. మన సంఘంలో సగం ఇళ్లలో పొయ్యి వెలగాలంటే ముందు ఇంజన్ స్టార్ట్ అవ్వాలి. కాబట్టి ఇది దేవుని సన్నిధిలో మాట్లాడుకోదగిన సంగతే.

జరిగింది మీలో చాలామందికి తెలుసు. మార్చి నెలాఖరులో మన సంఘపు అన్నదమ్ములిద్దరు వేట ముగించుకొని వస్తుండగా, ఒడ్డు దగ్గర కెరటం ఫైబర్ బోటును తిరగేసింది. దేవుని కృప వలన ప్రాణాలు దక్కాయి. ఇంజన్ మాత్రం ఉప్పునీళ్లు తాగింది. వారి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాం.

తమ్ముడు కొత్త ఇంజన్ కొనాలన్నాడు. చేపల షావుకారు అప్పు ఇస్తానన్నాడట. అన్న పాతదే బాగుచేయిద్దామన్నాడు. "నువ్వు హ్యాండిల్ సరిగా పట్టుకుంటే బోటు తిరగబడేదా?" అని ఒకరు, "నువ్వు వద్దన్నా వినకుండా ఆ వేళప్పుడు ఒడ్డుకు తెమ్మంది ఎవరు?" అని ఒకరు. ఈ మాటల్లో నాలుగు రోజులు గడిచిపోయాయి. ఇంజన్ ఇసుకలో పట్టా కింద అలాగే పడి ఉంది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ ఆదివారం ఆరాధనలో, ఎవరినీ అడగకుండా, కొత్త ఇంజన్ కోసం ప్రత్యేక కానుక పట్టాలని ప్రకటించేశాం. కొత్త ఇంజన్ మీద చెయ్యి వేసి ప్రార్థన చేస్తున్న ఫోటో అప్పటికే మా మనసులో ఉంది. పాత ఇంజన్ మూత తీసి చూసినవాడు ఇంకా ఎవడూ లేడు.

మరునాడు మెకానిక్ భాయ్ దగ్గరకు వెళ్లి, కొత్తది కొనడం మంచిదా, రిపేరు మంచిదా అని అడిగాం. ఆయన మొహమాటం లేకుండా చెప్పాడు. "అయ్యగారూ, ముందు విప్పనివ్వండి. విప్పకుండా రేటు చెప్పేవాణ్ణి నమ్మకండి." తరువాత నాలుగు రోజుల సంగతి విని తల పట్టుకున్నాడు. ఉప్పునీళ్లలో మునిగిన ఇంజన్‌ను ఆ పూటే మంచినీళ్లతో కడగాలి. ప్లగ్గులు తీసి లోపలి నీళ్లు కక్కించి, ఆయిల్ పోసి తిప్పాలి. వెంటనే ఆ పని చేసే వీలు లేకపోతే మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచినా మేలే. ఎందుకంటే ఉప్పు తడికి గాలి తగిలితేనే ఇనుము త్వరగా తినేసుకుపోతుంది.

ప్రియులారా, ఈ మాట మమ్మల్ని చాలా ఆలోచింపజేసింది. పడిన గంటలో జరిగే నష్టం కంటే, పడ్డాక కడగకుండా వదిలేసిన రోజుల్లో జరిగే నష్టం ఎక్కువ. ఎంతమంది కుటుంబాల్లో తప్పు చిన్నదే! తప్పు ఎవరిదని తేల్చుకునే లోపల తుప్పు పట్టిపోతోంది.

సరే, అన్నదమ్ములిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకొని భాయ్ ఇంజన్ విప్పాడు. బ్లాకుకు పగులు లేదు. గేర్ బాక్స్ బాగుంది. ఒక సిలిండర్ గీతలు పడింది, బోరింగ్ చేయించి ఒక సైజు పెద్ద పిస్టన్ వేయాలి. కనెక్టింగ్ రాడ్డు కొద్దిగా వంగింది. నీరు పెట్రోలు ఆవిరిలాగా నొక్కితే నొక్కుకుపోదు కదా, తిరుగుతున్న ఇంజన్‌లోకి నీరు వెళితే రాడ్డే వంగుతుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బ క్రాంక్ బేరింగులకు. అవి తుప్పుతో గుంటలు పడ్డాయి. ఆ దెబ్బ కెరటానిది కాదు, ఆ నాలుగు రోజులది. మొత్తం ఖర్చు 62 వేలు. కొత్తదానికి లక్షా 60 వేలు.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే ఆలోచించమని, బ్లాకు పగిలితే ఇక ఆలోచించనే వద్దని భాయ్ లెక్క. ఈ రెండూ ఇక్కడ లేవు. గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు చెప్పారు (లూకా 14:28). కానీ లెక్కలో రాయని ధర ఒకటుంటుంది. షావుకారు అప్పు తీరేదాకా పట్టిన చేప ఆయనకే వేయాలి, ఆయన చెప్పిన రేటుకే వేయాలి. బిల్లులో కనబడని ఈ ఖర్చును కూడా కలిపితే కొత్త ఇంజన్ లక్షా 60 వేలకు రాదు. అందుకే బాగుచేయించడమే సరైనదని మా అభిప్రాయం.

దీనికి తమ్ముడు చెప్పిన అభ్యంతరం మాత్రం తేలికగా కొట్టేయదగినది కాదు. "అయ్యగారూ, నడి సముద్రంలో ఆగిపోతే లోపల ఉండేది మేము, సంఘ పెద్దలు కాదు." నిజమే. డబ్బు మిగులుతుందని ఒకరి ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు మనకు లేదు. కాబట్టి మా అభిప్రాయానికి షరతులున్నాయి. సగం సగం రిపేరు వద్దు, బేరింగులూ సీళ్లూ నీళ్ల పంపూ అన్నీ కొత్తవే వేయాలి. మొదటి పది గంటలు ఒడ్డు కనబడే దూరంలోనే, ఫుల్ స్పీడు ఇవ్వకుండా, ఆయిల్ కొంచెం ఎక్కువ కలిపి నడపాలి. తెడ్లు, లైఫ్ జాకెట్లు లేకుండా బోటు కదలకూడదు. అప్పటికీ మొరాయిస్తే, పాతదాన్ని పట్టుకు వేలాడవద్దు. అంజూరపు చెట్టుకు ఇంకొక్క సంవత్సరం అడిగిన తోటమాలి (లూకా 13:6-9) చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు. అప్పటికీ ఫలించకపోతే నరికించమని కూడా ఒప్పుకున్నాడు. ఓర్పుకు పని ఉండాలి, గడువూ ఉండాలి.

మనుషుల విషయంలోనూ మేము ఇదే అడుగుతున్నాం. పడిపోయిన సహోదరుణ్ణి విప్పి చూడకుండానే, అంటే అతని దగ్గర కూర్చుని వినకుండానే, వీడు పనికిరాడని తీసిపారేస్తున్నాం. లేదంటే పైకి రంగు వేసి, మరుసటి ఆదివారమే స్టేజీ ఎక్కించి సాక్ష్యం చెప్పిస్తున్నాం. బాగుపడిన ఇంజన్‌కు మొదటి పది గంటలు నెమ్మది ఎలా కావాలో, బాగుపడుతున్న మనిషికీ అలాగే కావాలి.

అయితే అన్నీ రిపేరుతో తీరేవి కావు. ప్రభువు పిలిచినప్పుడు యాకోబు, యోహాను దోనెలో వలలు బాగుచేసుకుంటున్నారు (మార్కు 1:19). వల చిరిగితే కుట్టుకోవచ్చు. కానీ రాతి హృదయానికి అతుకు వేస్తానని దేవుడు అనలేదు, దాన్ని తీసి వేరే హృదయం ఇస్తానన్నాడు (యెహెజ్కేలు 36:26). ఏది కుట్టదగినది, ఏది మార్చవలసినది అన్న వివేకం కోసమే మనం ప్రార్థించాలి.

ఇప్పుడు సంఘ కానుకలో నుండి 30 వేలు వడ్డీ లేకుండా ఇస్తున్నాం. మిగిలింది అన్నదమ్ములు చెరిసగం పెట్టుకుంటున్నారు. కొత్త ఇంజన్ కోసమని కానుక ఇచ్చినవారు, ఈ మార్పు ఇష్టం లేకపోతే మా దగ్గరకు వచ్చి వెనక్కి తీసుకోవచ్చు, తప్పుగా అనుకోము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం కనుక పనికి సమయం ఉంది. రోజూ సాయంత్రం ఇద్దరూ భాయ్ షెడ్డులో ఒకే బల్ల మీద కూర్చుంటున్నారు. పెద్దగా మాట్లాడుకోవడం లేదు. నిన్న మాత్రం అన్న టీ తెప్పిస్తే తమ్ముడు తాగాడు.

జూన్ 15 ఉదయం ఒడ్డున ప్రార్థనకు రండి. ఇంజన్ ఎన్నాళ్లు నడుస్తుందో మేము మాట ఇవ్వలేం. కడగవలసింది ఏదైనా మీ ఇంట్లో పట్టా కింద ఉంటే, ఆ రోజు దాకా ఆగకండి. ఈ పూటే కడగండి.

ప్రభువు మిమ్మును దీవించి కాపాడును గాక. ఆమెన్.