ఓడిపోయినప్పుడు మనం మొదట ఎవరి పేరు చెప్తాం?

టమోటా రేట్ల గురించి రాస్తానని చూసేవాళ్లు ఈ ఒక్క రోజుకు నన్ను మన్నించాలి. ఈ రోజు ఫుట్‌బాల్ గురించి రాస్తా ఉన్నా. నవ్వకండి. చివరికి మళ్లీ టమోటా దగ్గరికే వస్తాను.

పోయిన నెల కుప్పంలో మా బామ్మర్ది ఇంటికి పోయినాను. రాత్రి పట్టుపురుగులకు ఆకు వేసి, అన్నం తిని కూర్చున్నాక వాళ్ల పిల్లోడు టీవీలో 'మైదాన్' సినిమా పెట్టినాడు. 2024లో వచ్చిన హిందీ సినిమా, అజయ్ దేవగణ్ హీరో. నాకు హిందీ అంతంత మాత్రమే. పిల్లోడు పక్కన కూర్చుని అర్థం చెప్తా ఉంటే మూడు గంటలు కదలకుండా చూసినా.

అది మన హైదరాబాద్ మనిషి కథ. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్లంట. ముందు స్కూల్లో అయ్యవారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయినాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. దేశం జట్టుకు కూడా ఆయనే కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ బంగారం. ఆ తర్వాత ఇంతవరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు బంగారం రాలేదు. అంత మనిషి పేరు నాకు యాభై దాటేదాకా తెలియదు. సిగ్గనిపించింది.

సినిమా బాగుంది. కానీ ఒక విషయంలో నాకు దానితో పేచీ ఉంది. సినిమాలో కష్టమంతా బయటివాళ్లు పెట్టేదే. ఫెడరేషన్‌లో కుర్చీల కోసం కొట్టుకునే పెద్దమనుషులు, కక్షగట్టి రాసే పేపర్ ఆయన. వాళ్లు లేకపోతే అంతా సాఫీగా జరిగిపోయేదన్నట్టు చూపించినారు. నేను ఒప్పుకోను. బయటి ఒత్తిడి అందరికీ ఉంటుంది. వాన పడకపోయినా ఒత్తిడే, రేటు పడినా ఒత్తిడే. అది లోపలికి వచ్చినాక మనం ఒకరితో ఒకరం ఎట్ల ఉంటామనేదే అసలు ఆట. జట్టు నిలబడేది, విరిగేది అక్కడే.

జకార్తాలో ఏం జరిగిందో చూడండి. ఆ ఏడు ఇండోనేషియా వాళ్లు ఇజ్రాయెల్, తైవాన్ ఆటగాళ్లను రానీయలేదు. అది తప్పని మన దేశం క్రీడాధికారి జి.డి. సోంధీ గట్టిగా అన్నాడు. దాంతో అక్కడి జనానికి మనవాళ్ల మీద మంట. ఫైనల్ రోజు స్టేడియంలో లక్ష మంది దాకా ఉంటే దాదాపు అందరూ మనకు ఎదురే. మన జాతీయగీతం వస్తా ఉంటే గేలి చేసినారంట. ఆ మాట విన్నప్పుడు నాకు మదనపల్లె గుర్తొచ్చింది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది మన మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే కదా. మన ఊర్లో కూర్చుని రాసుకున్న పాటను ఎవరో గేలి చేసినట్టే అనిపించింది. అంతమందిలో మనవాళ్ల కోసం అరిచింది పాకిస్తాన్ హాకీ జట్టు వాళ్లంట. మనిషి అంటే అట్ల ఉండాల.

కానీ నేను చెప్పాలనుకున్నది ఫైనల్ గురించి కాదు, మొదటి మ్యాచ్ గురించి. ఆ టోర్నీలో మనవాళ్లు మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయినారు. సగం జట్లు అక్కడే అయిపోతాయి. గోల్ ఎవరు వదిలినాడు, బంతి ఎవరు పోగొట్టినాడు అని లెక్కలు మొదలవుతాయి. ఆ జట్టులో కొట్టుకోవాలంటే కారణాలకు కొదవ లేదు. కెప్టెన్ చునీ గోస్వామి బెంగాలీ. జర్నైల్ సింగ్ పంజాబీ. యూసుఫ్ ఖాన్ హైదరాబాద్. తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లోడు, పేదింటివాడు. చిన్నప్పుడు ప్రాక్టీసుకు వచ్చేదానికి డబ్బులు లేకపోతే సైకిల్ అద్దెకు రహీం సాబే ఇచ్చినాడని చెప్తారు. మన కుప్పం సంతలో తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినపడినట్టు ఉండుంటుంది ఆ జట్టు. మంచి రోజుల్లో అది అందం. ఓడిన రోజు అదే చీలిక.

వాళ్లు చీలలేదు. తర్వాత థాయిలాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో, సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో కొట్టినారు. థాయిలాండ్ మ్యాచ్‌లో జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడినాయి. ఆయన వెనక గోల్ కాపాడే డిఫెండర్. అట్లాంటి మనిషిని రహీం సాబ్ ముందుకు తెచ్చి గోల్ కొట్టే చోట ఆడించినాడు. కుట్లతోనే ఆయన సెమీఫైనల్లో ఒక గోల్, ఫైనల్లో ఒక గోల్ కొట్టినాడు. 1962 సెప్టెంబర్ 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే దక్షిణ కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో మనమే గెలిచినాం. తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో రహీం సాబ్ కాన్సర్‌తో పోయినాడు.

జర్నైల్‌ను ముందుకు పంపడం తెలివైన ఎత్తు అని అందరూ అంటారు. నాకు కనిపించింది ఇంకొకటి. ఆ ఎత్తు పారకపోయి ఉంటే తిట్లు పడేది జర్నైల్‌కు కాదు, పంపిన రహీం సాబ్‌కు. అంటే ఆటగాడికి పని ఇచ్చినాడు, దాని బరువు మాత్రం తన మీద పెట్టుకున్నాడు.

మా నాయన దున్నేటప్పుడు ఇట్లాంటిదే చేసేవాడు. రెండెద్దుల్లో ఒకటి నీరసంగా ఉంటే, దాని పక్క కాడి కొంచెం పొడుగు వదిలి కట్టేవాడు. అప్పుడు దాని మీద బరువు తగ్గి, బలమైన దాని మీద ఎక్కువ పడుతుంది. నీరసంగా ఉన్నదాన్ని ముల్లుకర్రతో పొడిస్తే అది పడిపోతుంది, దాంతో రెండోదీ ఆగిపోతుందిరా అనేవాడు.

ఇంత తెలిసినవాడి కొడుకును నేను. ఇప్పుడు నేను చేసింది వినండి.

ఏడేండ్ల కింద పుంగనూరు పక్కన మా రెండు ఊర్ల నుంచి తొమ్మిది మంది రైతులం ఒక మాట అనుకున్నాం. మదనపల్లె మార్కెట్‌కు ఎవరికి వారు క్రేట్లు మోసుకుపోకుండా, అందరి కాయా కలిపి గ్రేడింగ్ చేసి, ఒకే లారీలో చెన్నై పంపాలని. వచ్చిన డబ్బు అందరికీ సగటు రేటుతో పంచుకోవాలని. మాలో డిగ్రీ చదివిన పిల్లోడు ఒకడుంటే బేరం, లెక్కలు వాడికి అప్పజెప్పినాం. మొదటి రెండు లోడ్లు బాగా పోయినాయి. వాణ్ణి నెత్తిన పెట్టుకున్నాం.

మూడో లోడు దారిలో ఆలస్యమైంది. పోయేసరికి మార్కెట్ నిండిపోయింది. రాత్రి రెండు గంటలకు వాడు నాకు ఫోన్ చేసినాడు. "మామా, ఈడ రేటు పడిపోయింది. దించేదా, వేరే మండీకి తిప్పేదా?" అని. నేను "నువ్వే చూసుకోరా" అని ఫోన్ పెట్టేసి పడుకున్నా. వాడు దించినాడు. లారీ బాడుగ కూడా రాలేదు.

మరుసటి రోజు రచ్చబండ దగ్గర అందరం కూర్చున్నాం. "నిన్ను నమ్ముకుంటే ఇట్లే అవుతుంది" అని మొదట అన్నది ఎవరో కాదు, నేనే. తర్వాత ఒక్కొక్కరు అందుకున్నారు. కమిషన్ తిన్నాడన్న మాట కూడా వచ్చింది. అది అబద్ధమని నాకు తెలుసు. అయినా నోరు తెరవలేదు. రాత్రి వచ్చిన ఫోన్ సంగతి ఈ రోజు దాకా ఎవరికీ చెప్పలేదు. నెల తిరగకుండా వాడు బెంగళూరు పోయి కారు డ్రైవర్ అయినాడు. మిగిలిన ఎనిమిది మందిమి మళ్లీ ఎవరి క్రేట్లు వాళ్లు మోసుకుంటా ఉన్నాం. 2023 జులైలో మదనపల్లెలో మొదటి రకం కిలో రెండొందల దాకా పోయినప్పుడూ విడివిడిగానే అమ్ముకున్నాం, ఆ తర్వాత రేటు కూలినప్పుడూ విడివిడిగానే ఏడ్చినాం.

మమ్మల్ని విడగొట్టింది దళారీ కాదు, చెన్నై మండీ కాదు. ఒక్క ఓటమి. అదీ మూడో లోడు. రహీం సాబ్ జట్టుకు మొదటి మ్యాచ్‌లోనే వచ్చింది ఆ ఓటమి.

అందుకే రైతు సంఘాలు, ఉత్పత్తిదారుల గ్రూపులు పెట్టుకునే తమ్ముళ్లకు ఒక మాట. లాభం ఎట్ల పంచుకోవాలో అందరూ రాసుకుంటారు. నష్టం ఎట్ల పంచుకోవాలో కూడా మొదటి రోజే రాసుకోండి. నష్టం వచ్చిన రోజు మీటింగ్‌లో లెక్కలు మాట్లాడండి, పేర్లు మాట్లాడొద్దండి. బేరం చేసేవాణ్ణి ఒంటరిగా పంపొద్దండి, పక్కన ఇంకొకరు ఉండాల. రాత్రి రెండు గంటలకు ఫోన్ వస్తే లేచి కూర్చుని మాట్లాడండి. "నువ్వే చూసుకో" అనే మాట నమ్మకంలా వినపడుతుంది గానీ, చాలాసార్లు తప్పించుకోవడమే.

ఈ పంటకు మళ్లీ కలిసి అమ్ముదామని నలుగురైదుగురు అడుగుతా ఉన్నారు. నేను సరే అనే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ పిల్లోడికి ఇంతవరకు నేను ఫోన్ చెయ్యలేదు. ఇది పెట్టినాక చేస్తా. ఎత్తితే మాట్లాడతా. ఎత్తకపోతే రేపు మళ్లీ చేస్తా.

మీ ఊర్లో కూడా ఇట్లా ఒక ఓటమితో విడిపోయిన జట్టు ఉంటే చెప్పండి. విడిపోకుండా నిలబడింది ఉంటే ఇంకా ముందు చెప్పండి, నేర్చుకుంటాం.