అట్టపెట్టెలో పెళ్ళి డిస్కులు

ఇండియా నుంచి తెచ్చుకున్న పెళ్ళి, బారసాల డీవీడీలు మీ ఇంట్లోనూ ఏదో అట్టపెట్టెలో ఉండే ఉంటాయి. మా ఇంట్లో పదకొండు తేలాయి. అవి పాల్ పద్ధతివి, ఇక్కడ అమెరికాలో కొన్న ప్లేయర్లు చాలావాటికి పడవు. కంప్యూటర్‌కు ఆ పట్టింపు లేదు. ఇప్పటి లాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే చోటే లేదు కాబట్టి ఒక యూఎస్‌బీ డ్రైవు కొని, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో వేశాను. పది ఆడాయి.

ఆడనిది మా అమ్మాయి అన్నప్రాసన. అందులో మా నాయనమ్మ ఉంది. బర్న్ చేసిన డిస్కులో ఉండే రంగు పొర వేడికి, ఎండకు పాడవుతుంది. రెండో కాపీ విజయవాడలో పిన్ని బీరువాలో ఉందట, తమ్ముడు వస్తూ తెస్తానన్నాడు. అందుకే చెబుతున్నా, ఈ పని వాయిదా వేయకండి.

ఫొటోగ్రాఫర్ ఇచ్చిన డిస్కులకు మామూలుగా తాళాలుండవు. (కొన్న సినిమాల సంగతి వేరు, వాటి జోలికి నేను పోలేదు.) లోపలి ఫోల్డర్‌ను కంప్యూటర్‌లోకి కాపీ చేయండి, మామూలు డిస్కయితే 4.7 జీబీ మించదు. హ్యాండ్‌బ్రేక్‌తో ఎంపీ4గా మార్చండి. ఇదీ ఉచితమే. తరువాత జెల్లీఫిన్ పెట్టుకుని ఆ ఫైళ్ళున్న చోటు చూపిస్తే, అదే వైఫైలో ఉన్న టీవీలో చూడొచ్చు. కంప్యూటర్ మాత్రం ఆన్‌లో ఉండాలి.

ఆదివారాలు అత్తయ్యగారు బొమ్మ ఆపించి, పందిట్లో ఎవరెవరో చెబుతున్నారు. నేను పేర్లు రాసుకుంటున్నాను. ఇంకా మొదటి డిస్కులోనే ఉన్నాం.