కప్పు ఎక్కేవాడి లెక్క ఏది?

మే నెల వచ్చిందంటే బళ్లారి నుంచి బరంపురం దాకా మన పాత పేటల్లో కప్పుల మాట మొదలవుతుంది. పోయిన వానాకాలం ఇల్లు ఎక్కడ కురిసింది, ఎన్ని పెంకులు మార్చాలి, అటకకు కొత్త చెక్కలు వేయించాలా అని. కాపరిగా అలాంటి అంచనా కాగితాలు చాలా చూశాను. మేస్త్రీ కూలి రాస్తారు, సిమెంటు రాస్తారు, టీ ఖర్చు కూడా రాస్తారు. పైకెక్కే మనిషి నడుముకు కట్టే తాడు మాత్రం ఏ కాగితంలోనూ కనబడలేదు.

3 ఏళ్ల క్రితం మా సంఘస్థుడొకరు ఒక వంటింటి కప్పు బాగుచేస్తూ పాత రేకు మీద అడుగువేశారు. అది విరిగి కింద పడ్డారు. నడుము దెబ్బతింది, ఇప్పటికీ పనికి పోలేరు. ఇంటివారు మంచివాళ్లే, ఆసుపత్రికి తీసుకెళ్లారు, నెల రోజులు బియ్యం పంపారు. మేం ప్రార్థన చేశాం. తర్వాత? ఆయన భార్య నాలుగిళ్లలో పాచిపని చేస్తోంది.

ద్వితీయోపదేశకాండము 22:8 మీద ఎప్పుడైనా ప్రసంగం విన్నారా? కొత్త ఇల్లు కట్టినవాడు కప్పుకు పిట్టగోడ కట్టించాలి, లేకుంటే పడినవాడి రక్తాపరాధం ఆ ఇంటిమీదికే వస్తుందంటుంది ఆ మాట. పడినవాడి అజాగ్రత్త అని తప్పించుకోనివ్వదు. గృహప్రవేశాలకు 127వ కీర్తన చదువుతాం గానీ దీని జోలికి పోము. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం కూడా 10 లక్షలు మించని సొంతింటి పనిని వదిలేసింది. మన రిపేర్లన్నీ దాదాపు ఆ లోపువే.

పని మాట్లాడుకునే ముందు మీరే పట్టపగలు అటక మీదికి చూడండి. వెలుగు చుక్కలు కనబడినచోటే పెంకు పగిలింది. వాసాలు గోడలోకి దిగేచోట స్క్రూడ్రైవరుతో గుచ్చండి. మెత్తగా దిగితే చెదలు తిన్నట్టే, దాని మీదికి మనిషిని ఎక్కించకూడదు. వాసాలు ముందు, పెంకులు తర్వాత, అటక చివర. ఆస్‌బెస్టాస్ రేకు మనిషి బరువు మోస్తుందని నమ్మకండి. దూలాలకు ఆనేలా పొడవాటి పలకలు వేసి నడవాలి. పాత రేకును మిషనుతో కోయకుండా, పగలగొట్టకుండా, తడిపి దించాలి. ఆ దుమ్ము క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఇంకా అమ్ముతూనే ఉన్నారు!

(మనవాళ్లు బెంగళూరు పెంకులంటారు గానీ అవి మంగళూరువి. 1865లో అక్కడ బాసెల్ మిషన్ వారు పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. క్రైస్తవులై కులానికి, జీవనాధారానికి దూరమైనవారికి పని చూపడం వారి పరిశ్రమల ఉద్దేశం.)

"ఖర్చు పెరుగుతుంది కదా అయ్యగారూ" అంటారు. పెరుగుతుంది. అటక కింద కొట్టించే పీవీసీ సీలింగు వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. పెళ్లిళ్లకు కుర్చీలు ఉంచుకునే సంఘం రెండు సేఫ్టీ బెల్టులు, ఒక గట్టి తాడు, నాలుగు పలకలు ఉంచుకోలేదా? మా పెద్దల ముందు ఈ మాట పెట్టాను, ఇంకా తేలలేదు. ఈలోగా యౌవనస్థులకు ఒక పని ఉంది. 18 నుంచి 60 ఏళ్ల లోపు, ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసినవారు సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. మీ సంఘంలో మేస్త్రీలు, కూలీలు ఎందరున్నారో ఈ ఆదివారమే రాసుకోండి, ఫారం మీరే నింపిపెట్టండి.