సాయంత్రం ఆరింటి నటన క్లాసుకి కొండ మీది గుంటడు ఎలా వెళ్తాడు?

నటన నేర్చుకోవాలంటే చేస్తున్న పని మానక్కర్లేదు, చదువు ఆపక్కర్లేదు, రోజూ సాయంత్రం రెండు గంటలు వస్తే చాలు. పార్ట్‌టైం తరగతులు నడిపేవాళ్ళు చెప్పే మాట ఇది. మంచి మాటే. ఢిల్లీలో 1959లో పెట్టిన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది గానీ, అక్కడ చదువు మూడేళ్ళు, పగలంతా అదే పని. డిగ్రీ ఉండాలి, నాటకాలాడిన అనుభవం చూపించాలి, దేశం మొత్తానికి ఉన్న కొద్ది సీట్లలో ఒకటి సంపాదించాలి. కూలికెళ్తే గానీ పూట గడవని ఇంటి గుంటలకి సాయంత్రం తరగతే దిక్కు. అయితే ఆ సాయంత్రం ఎవరిది? నా పేచీ అక్కడే.

తెలుగు నాటకం చాలా మటుకు సాయంత్రాల్లోనే పెరిగింది. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు కాలం నుంచీ పోటీ నాటకాలు ఆడినోళ్ళలో గుమాస్తాలు, టీచర్లు, బ్యాంకు, రైల్వే ఉద్యోగులే ఎక్కువ. పగలు ఆఫీసు, రాత్రి రిహార్సలు. మన విశాఖలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం రిజిస్ట్రారుగా చేసిన కె.వి. గోపాలస్వామి, లైబ్రేరియన్‌గా చేసిన అబ్బూరి రామకృష్ణారావు నాటకాన్ని భుజానికెత్తుకున్నారు. ఇప్పుడా యూనివర్సిటీలో రంగస్థల కళల శాఖ ఉంది. అయిదింటికి ఆఫీసు వదిలి, ఆరింటికి క్లాసులో కూచుని, ఎనిమిదింటికి సిటీ బస్సెక్కే మనిషిని మనసులో పెట్టుకునే సాయంత్రం తరగతి అనే పద్ధతి పుట్టింది.

ఆ మనిషి అరకులో లేడు. విశాఖ నుంచి మాకు ఘాట్ రోడ్డు మీద సుమారు 115 కిలోమీటర్లు. కిరండూల్ ప్యాసింజర్ సొరంగాలు దాటుకుంటూ పైకి రావడానికి నాలుగు గంటలు పడుతుంది. ఆరింటికి క్లాసు అంటే మధ్యాన్నమే పని ఒగ్గేసి బయల్దేరాలి, ఎనిమిదింటికి అయిపోతే ఆ రాత్రికి ఇల్లు చేరడం లేదు. అంటే విశాఖలో గది తీసుకుని, ఏదో పనిలో చేరి, అప్పుడు నేర్చుకోవాలి. నేను చేసింది అదే. పగలు ఒక కొట్లో లెక్కలు రాసుకుంటూ ఏడాదిపాటు సాయంత్రం క్లాసుకి వెళ్ళేను. సగం జీతం అద్దెకే పోయేది. ఇక ఆడపిల్లల సంగతి చెప్పక్కర్లేదు. మా పక్క ఏ తల్లి పంపుతుంది?

అలాగని ఆ చదువు తక్కువదని కాదు. ఊపిరి పొట్టలోంచి తీసుకోవడం, గొంతు చించుకోకుండా ఆఖరి వరసకి మాట వినిపించడం, ఎదుటివాడు చెప్పింది నిజంగా విని అప్పుడు జవాబివ్వడం, చేతులు ఏం చెయ్యాలో తెలీనప్పుడు ఊరికే ఉండగలగడం. ఇవన్నీ ఒకరు చూసి దిద్దితే గానీ రావు. వీడియోలు చూసి నేర్చుకుంటాం అనే తమ్ముళ్ళకి ఒకటే చెప్తాను: వీడియో నిన్ను చూడదు.

ఇబ్బంది వాచికం దగ్గర వచ్చింది. నేను నోరు తెరిస్తే చాలు, "ముందు భాష శుభ్రం చేసుకో" అనేవారు. యాస తెలిసినోడు కూడా పుస్తకం తెలుగు పలకగలగాలి, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ మన మాటని మురికి అనుకోమనడం వేరు. మా కొండ దిగితే వచ్చే విజయనగరంలోనే కదా 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది? గురజాడ జనం నోటి మాటని స్టేజీ ఎక్కించేడనే కదా నూట ముప్ఫై ఏళ్ళుగా పొగుడుతున్నాం? పుస్తకంలో పొగిడిన యాసని క్లాసులో కడుక్కోమంటే ఎలా?

పక్క రాష్ట్రం చూడండి. రాయ్‌పూర్‌లో పుట్టిన హబీబ్ తన్వీర్ లండన్ వెళ్ళి నాటకం చదివేడు. 1959లో నయా థియేటర్ పెట్టేడు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో నాచా ఆడే కళాకారుల్ని తీసుకొచ్చి హిందీ పలకమన్నాడు, లెక్క ప్రకారం అడుగులెయ్యమన్నాడు. సొంతూళ్ళో చెలరేగిపోయే నటులు అక్కడ బిగుసుకుపోయేరు. తప్పు తనదేనని ఆయనే తెలుసుకుని, వాళ్ళ ఛత్తీస్‌గఢీలో వాళ్ళ తీరున ఆడనిచ్చేడు. 1975లో అలా వచ్చిన చరణ్‌దాస్ చోర్ 1982లో ఎడింబరో పండగలో బహుమతి కొట్టింది. మా కొండల్లో తెలుగు ఒక్కటే కాదు, కువి ఉంది, ఆదివాసీ ఒడియా ఉంది. ఈ భాషల్లో ఏడవడం, నవ్వడం, తిట్టడం వచ్చినోడికి నటన సగం వచ్చినట్టే. మిగతా సగం నేర్పడానికే క్లాసు కావాలి.

అసలు మా సాయంత్రాలు ఏమవుతున్నాయో తెలుసా? రిసార్టుల్లో మంట చుట్టూ టూరిస్టుల కోసం థింసా ఆడుతూ గడుస్తున్నాయి. సినిమా వాళ్ళు వస్తే కొండ మాది, మాట్లాడే పాత్ర వాళ్ళది, వెనకాల గుంపులో నిలబడేది మేము. మలేరియా మీదనో, చదువు మీదనో కళాజాత అంటే నేను చూసినంత వరకూ కింద నుంచే బృందం వచ్చేది. మా రోగం గురించి మాకు చెప్పడానికి కూడా మా మనిషి దొరకలేదన్న మాట. ఆట మాది అంటారు, మాట మాత్రం మాకివ్వరు. నటన నేర్చుకోవడం అంటే నాకు ఆ మాట సంపాదించుకోవడం.

అహ్మదాబాద్‌లో ఛారా వాళ్ళు అదే చేసేరు. ఇంగ్లీషోళ్ళ 1871 చట్టం పుట్టుకతోనే నేరస్తులని ముద్రేసిన కులాల్లో వాళ్ళదొకటి. 1998లో వాడలోని లైబ్రరీ కేంద్రంగా కుర్రాళ్ళు బుధన్ థియేటర్ పెట్టుకుని తమ కథ తామే చెప్పేరు.

"ఊళ్ళో నాటకం స్కూలు నడుస్తుందేటి?" అంటారా? కర్ణాటకలో మనలాగే కొండ ప్రాంతం, వక్కతోటల ఊరు హెగ్గోడు. అక్కడ 1949లో నీనాసం మొదలైంది. కె.వి. సుబ్బణ్ణ 1980లో నాటక శిక్షణ సంస్థ పెట్టేడు, 1985 నుంచి తిరుగాట పేరుతో నాటకాలు ఊరూరా తిరుగుతున్నాయి. 1991లో ఆయనకి మెగసెసే అవార్డు వచ్చింది. చదువంతా కన్నడంలో, ఊళ్ళోనే ఉండి.

మనకీ సరంజామా ఉంది. వేసవిలో ఖాళీగా ఉండే ఆశ్రమ పాఠశాలల్లో హాలు ఉంటుంది, పడుకునే చోటు ఉంటుంది. పాడేరులో ఐటీడీఏ ఉంది. 2019లో పార్లమెంటు చట్టంతో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం విజయనగరం జిల్లాలోనే ఉంది. స్థానిక కళాకారుల్ని బడుల్లో బోధకులుగా పెట్టుకోవచ్చని 2020 జాతీయ విద్యా విధానమే రాసింది. కాబట్టి అడగాల్సింది ఇది: కాఫీ కోతలు, వరి పనులు లేని నెలల్లో శని, ఆదివారాలు అరకు, పాడేరుల్లో తరగతి, అక్కడే బస. గొంతు, ఒళ్ళు నేర్పడానికి యూనివర్సిటీ మాస్టారు, పాట, కథ, నడక నేర్పడానికి ఊరి పెద్దలు, ఇద్దరికీ సమానమైన గౌరవ వేతనం. నేర్చుకునేవాళ్ళకి పోయిన కూలికి సరిపడా భృతి. చివర్లో సర్టిఫికెట్, ఆ బ్యాచ్ సంతల్లో ఆడే నాటకం.

నటన అన్నం పెడుతుందా అని ఇంట్లో అడుగుతారు. నిజం చెప్పాలి. రంగస్థలం మీదే బతికేవాళ్ళు చాలా తక్కువ. కానీ బడిలో పాఠం చెప్పాలన్నా, టూరిస్టుకి ఊరు చూపించాలన్నా, రేడియోలో మాట్లాడాలన్నా, గ్రామసభలో లేచి ఆఫీసర్ని నిలదీయాలన్నా గొంతు వణక్కూడదు కదా! ఆ ధైర్యం ఈ చదువులో వస్తుంది.

క్లాసు వచ్చేవరకూ ఊరికే కూచోవద్దు. నలుగురు పోగవ్వండి. ఊరి పెద్దావిడ చెప్పే ఒక కథ ఆవిడ భాషలోనే రాసుకోండి. పది నిమిషాల ఆట కట్టి, మైకు లేకుండా సంతలో ఆడండి, ఎంత దూరం వినిపించిందో అడగండి. తర్వాత ఆ నలుగురి సంతకాలతో ఐటీడీఏ గ్రీవెన్సులో అర్జీ పెట్టండి. రోడ్డు కోసం, నీళ్ళ కోసం పెడుతున్నాం కదా, దీనికీ పెడదాం.